గాయంలో పెట్టిన కరెంటు

మా అమ్మకు కరెంటు పెట్టినప్పుడు నాకు పన్నెండేళ్ళు, అక్కకు పద్దెనిమిది. మా వైపు రేడియేషన్‌ను ఇప్పటికీ కరెంటు అనే అంటారు. అమ్మ మదనపల్లెలో మిషన్ ఆసుపత్రిలో ఆయా. రొమ్ములో గడ్డ ఉందని తేలాక అక్కడి డాక్టర్లే కాగితం రాసిచ్చి రాయవేలూరు పెద్దాసుపత్రికి పంపించారు. నాన్న నన్ను చూసుకుంటూ ఇంట్లో ఉండిపోయాడు. అమ్మకు తోడుగా ఆరు వారాలూ అక్కే ఉంది.

తిరిగివచ్చిన అమ్మకు రొమ్ము తీసేసిన చోట చర్మం నల్లగా కమిలిపోయి ఉంది. చంక దగ్గర పొరలు లేచి తడి ఊరేది. జాకెట్టు వేసుకోలేక పాత నూలు చీర చింపి చుట్టుకునేది. ఆ గుడ్డను తడిపి మెల్లగా తీయడం, మందు రాయడం, మళ్ళీ చుట్టడం అక్క పని. నన్ను గదిలోకి రానిచ్చేది కాదు. తలుపవతల నుంచి విన్నదే నాకు గుర్తు. అమ్మ ఏడ్చేది కాదు. "నిదానంగా అమ్మా, నిదానంగా" అని మాత్రం అక్కను బతిమాలేది.

రెండేళ్ళకు ఆ మచ్చ పక్కనే మళ్ళీ గడ్డ లేచింది. ఆ తర్వాత అమ్మ ఎక్కువ రోజులు లేదు.

ఆసుపత్రివాళ్ళు అక్కకు నర్సు ట్రైనింగులో సీటు ఇస్తామన్నారు. ఆసుపత్రి కాంపౌండు ఇళ్ళలో పెరిగిన ఆడపిల్లకు అంతకంటే పెద్ద మాట ఉండేది కాదు. అక్క వద్దంది. కారణం ఎవరికీ చెప్పలేదు. కుట్టు నేర్చుకుంది, కుప్పంలో గ్రానైటు ఫ్యాక్టరీలో పనిచేసే మనిషిని పెళ్ళి చేసుకుంది, ఇంటి ముందుగదిలో మిషను వేసుకుని జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది. పిల్లలు కలగలేదు. బావ ముప్పై ఏళ్ళు రాళ్ళు కోసే రంపాల పక్కన నిలబడి చెవులు ముప్పాతిక పోగొట్టుకున్నాడు. అక్క పెదాలు కదిలితే మాత్రం ఆయనకు అన్నీ అర్థమవుతాయి.

నేను చదువుకున్నాను. పుంగనూరులో జూనియర్ కాలేజీలో బాటనీ చెప్పే ఉద్యోగం దొరికింది. ఏటా పిల్లల చేత ఉల్లిపాయ వేర్ల కొనలు కోయించి, రంగు వేయించి, గాజు పలక మీద నలిపించి, ఒక కణం రెండుగా విడిపోవడం మైక్రోస్కోపులో చూపించేదాన్ని. ఇంట్లో ఎవరికి ఏ జబ్బు చేసినా రిపోర్టు ముందు నా చేతికి వచ్చేది. డాక్టర్ల దగ్గర మాట్లాడేది నేనే, వాళ్ళు ఏమన్నారో ఇంట్లోవాళ్ళకు చెప్పేదీ నేనే. ఆ పెద్దరికానికి నేను బాగా అలవాటు పడిపోయాను.

అక్కకు యాభై నాలుగో ఏట, ఒక మధ్యాహ్నం నేను క్లాసు ముగించి స్టాఫ్‌రూములో కూర్చున్నప్పుడు తను ఫోను చేసింది. కుశలప్రశ్నలు లేవు.

"మే, నాకూ వచ్చిండాది" అంది.

శెనగగింజంత గడ్డట. వారం కిందట స్నానం చేస్తుంటే చేతికి తగిలిందట. కుప్పంలోనే సూది పరీక్ష చేయించుకుని, రిపోర్టు వచ్చాక నాకు చెబుతోంది. ఎవరి జాకెట్టో కొలత చెబుతున్నట్టు చెప్పింది.

మరుసటి వారం కుప్పంలో పొద్దున రైలెక్కి అక్కా, బావా, నేనూ బెంగళూరు వెళ్ళాం. ఒక పెద్ద ఆసుపత్రిలో ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ మమ్మల్ని చూసింది. యాభై దాటిన మనిషి, తొందర లేని మనిషి. కుర్చీలో కూర్చోగానే నేను ఇంగ్లీషులో మొదలుపెట్టాను. ఆమె కూడా ఇంగ్లీషులోనే బదులిచ్చింది. ఇక ఆ గదిలో సంభాషణ మా ఇద్దరిదే అయిపోయింది. అక్క ఒకసారి ఆమె ముఖం వైపూ ఒకసారి నా ముఖం వైపూ చూస్తూ ఉంది. బావ అక్కను చూస్తూ ఉన్నాడు.

గడ్డ చిన్నది, రొమ్ము మొత్తం తీయనక్కర్లేదు, గడ్డ వరకు తీసి తర్వాత కొన్ని వారాలపాటు రేడియేషన్ ఇస్తామని డాక్టరమ్మ అంది. రేడియేషన్ అన్న మాట నేను తెలుగు చేయకముందే అక్క అందుకుంది.

"రొమ్మంతా తీసేయమను. కరెంటు మాత్రం వద్దు."

అమ్మ సంగతి డాక్టరమ్మకు చెప్పాను. అమ్మకు పెట్టిన రోజులు వేరు, ఇప్పటి యంత్రాలు వేరు అని డాక్టరమ్మ అంటే నేను చెప్పాను, నా మాటగా కూడా చెప్పాను. అక్క తల అడ్డంగా ఊపింది. నేను ఇంకా ఏదో అనబోతే, "నువ్వు సూడలేదు మే, నేను సూసినాను" అంది. వద్దంటోందని డాక్టరమ్మకు చెప్పాను.

డాక్టరమ్మ రిపోర్టులు మళ్ళీ తిరగేసింది. వయసు, గడ్డ సైజు, రకం చూసి, ఇంకో మార్గం ఉందంది. ఆపరేషన్ బల్ల మీదే, గడ్డ తీసేయగానే, ఆ ఖాళీ అయిన గుంటలోకి గుండ్రటి మొన ఉన్న ఒక పరికరాన్ని పెడతారు. అరగంట పాటు అది లోపలి నుంచే కిరణాలు ఇస్తుంది. తర్వాత తీసేసి కుట్లు వేస్తారు. దాని బలం చుట్టూ కొద్ది దూరం పోగానే తగ్గిపోతుంది కనుక పై చర్మం కమిలేది తక్కువ, గుండెకూ ఊపిరితిత్తులకూ తగిలేది తక్కువ. అన్నీ సరిగా ఉంటే ఆ ఒక్కసారితో సరి.

నాలోని టీచరు ఊరుకోలేదు. ఒకే ఒక్కసారి ఇస్తే ఎలా సరిపోతుందని అడిగాను. ఆమె ఓపికగా చెప్పింది. కిరణాలు కణాన్ని అప్పటికప్పుడు కాల్చేయవు. దాని లోపల ఉన్న డీఎన్ఏ దారాలను తెంచుతాయి. రెండు పోగులూ తెగిన కణం కొన్నాళ్ళు మామూలుగానే బతుకుతుంది. రెండుగా విడిపోదామని చూసినప్పుడు మాత్రం విడిపోలేక చస్తుంది. గడ్డ తీసేశాక కంటికి కనపడకుండా ఎక్కడైనా కణాలు మిగిలితే అవి ఎక్కువగా ఉండేది ఆ గుంట అంచుల్లోనే. ఆ అంచులకే బలమైన మోతాదు అందుతుంది.

ఆ తర్వాత రెండో సగం చెప్పింది. రోజుకు కొంత చొప్పున ఇస్తే మంచి కణాలకు మధ్యలో మరమ్మతు చేసుకునే వ్యవధి ఉంటుంది. ఒక్కసారే పెద్ద మోతాదు ఇస్తే ఆ వ్యవధి ఉండదు. సన్నటి రక్తనాళాలు దెబ్బతినొచ్చు. గాయంలో నీరు చేరొచ్చు. నెలలు గడిచాక, ఒక్కోసారి ఏడాది దాటాక, అక్కడి కొవ్వు చచ్చి గట్టిపడి గడ్డలా చేతికి తగలొచ్చు. అందరికీ అలా కాదు, కానీ అవుతుంది. తీసిన గడ్డను పరీక్షించాక ఏదైనా తేడా కనిపిస్తే బయటి రేడియేషన్ కూడా తప్పకపోవచ్చు. జబ్బు అదే రొమ్ములో తిరిగి వచ్చే అవకాశం వారాలపాటు ఇచ్చే పద్ధతిలో కంటే దీనిలో కాస్త ఎక్కువ. ఇవన్నీ మీ అక్కకు చెప్పండి అంది.

నేను అక్క వైపు తిరిగాను. మొదటి సగం అంతా చెప్పాను, ఉల్లిపాయ వేర్ల క్లాసులో చెప్పినంత బాగా చెప్పాను. బయట నుంచి కాదు, లోపల్నుంచి. ఆరు వారాలు కాదు, అరగంట. అది కూడా మత్తులో ఉండగా. చర్మం అమ్మకు అయినట్టు కాదు. వింటున్న కొద్దీ అక్క ముఖంలో బిగువు సడలింది. ఒళ్ళో పిడికిట్లో పట్టుకున్న పైట చెంగు వదిలేసింది.

"అంతేనా?" అంది.

గడ్డ అన్న మాట మళ్ళీ నా నోట వస్తే అక్క లేచి వెళ్ళిపోతుందని నాకు తెలుసు. "అంతే అక్కా" అన్నాను.

సంతకం పెట్టే కాగితం తెలుగులో కూడా ఉందని నర్సు తెచ్చి ఇచ్చింది. అక్క కళ్ళజోడు కోసం సంచి వెతుక్కుంటుంటే, నేను చదివేశాను, పెట్టెయ్ అన్నాను. పెట్టింది.

ఆపరేషన్ రోజు బావా నేనూ వరండాలో కూర్చున్నాం. తలుపు మీద ఎర్ర దీపం వెలిగిన అరగంట నాకు బాగా గుర్తు. లోపల ఆ పరికరం పని చేస్తోందని, డాక్టర్లు అడ్డుతెర వెనక్కి వెళ్ళి ఉంటారని, అక్క ఒక్కతే బల్ల మీద ఉంటుందని బావకు కాగితం మీద రాసి చూపించాను. ఆయన చదివి, మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, దీపం ఆరేదాకా తల వంచి ప్రార్థన చేసుకున్నాడు.

మరునాడు అక్క పక్కన చిన్న ప్లాస్టిక్ సీసా వేలాడుతూ ఉంది. గాయంలో ఊరే నీరు గొట్టం గుండా అందులోకి దిగుతోంది. ఆసుపత్రిలోనే పరిశోధన చేస్తున్న ఒకామె వచ్చి, ఆ నీరు కొంచెం తీసుకోవచ్చా అని అడిగింది. ఎందుకని నేను అడిగితే చెప్పింది. గాయం పడినప్పుడు ఒంట్లో ఊరే ఈ నీరు పుండు మానడానికి చుట్టుపక్కల కణాలను పెరగమని ప్రేరేపిస్తుంది. క్యాన్సర్ కణం ఏదైనా మిగిలితే దానికీ అదే ప్రేరణ అందుతుంది. గాయంలోనే రేడియేషన్ తీసుకున్నవాళ్ళ నీటిలో ఆ గుణం తగ్గుతున్నట్టు కనిపిస్తోంది, దాన్నే చూస్తున్నాం అంది.

అది నేను అక్కకు ఉన్నదున్నట్టు చెప్పాను. భయపెట్టే మాట ఏదీ లేదు గదా, చెప్పడం సులువైంది. అక్క ఎర్రటి ఆ సీసాను కాసేపు చూసింది. "పారబోసేదే గదా, తీసుకోమను. ఎవురికన్నా పనికొస్తే మంచిదే" అంది.

గడ్డ పరీక్షలో అంతా అనుకున్నట్టే వచ్చింది. బయటి రేడియేషన్ అక్కర్లేదన్నారు. రోజుకొక మాత్ర వేసుకోమన్నారు. గాయం మాత్రం త్వరగా ఆరలేదు. రెండుసార్లు నీరు చేరితే కుప్పంలోనే సూదితో తీయించుకుంది. నాకు ఫోన్ చేసి, ఇట్లయితాండాది, పరవాలేదా అని అడిగింది. పరవాలేదు, ఆపరేషన్ అన్నాక ఉంటుంది అన్నాను. డాక్టరమ్మ ముందే చెప్పిన సంగతుల్లో ఇదొకటని చెప్పడానికి అప్పుడు నాకు అవకాశం వచ్చింది. చెప్పలేదు. మూడో నెలకు గాయం మానింది. అక్క మళ్ళీ కుట్టుమిషను ఎక్కింది. నేను గెలిచినట్టు అనుకున్నాను.

ఏడాది దాటి రెండు నెలలైంది. దసరా సెలవుల్లో పుంగనూరు నుంచి పలమనేరు మీదుగా బస్సులు మారి కుప్పం వెళ్ళాను. ముందుగది చూసి ఆశ్చర్యపోయాను. పండగ రోజుల్లో గుట్టలుగా పడి ఉండే గుడ్డలు లేవు. ఉన్న నాలుగు జాకెట్లూ కుట్టడం అయిపోయి, మడతపెట్టి ఉన్నాయి. కొత్తవి తీసుకోవడం లేదంది. వంటింట్లో బావ పొయ్యి ముందు నిలబడి గిన్నెలో అన్నం వండుతున్నాడు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన పొయ్యి వెలిగించింది నేను చూడలేదు. కుక్కర్ ఉండగా గిన్నె ఎందుకని నవ్వాను. "ఆయప్పకు కూత ఇనపడదు గదా. పొంగేది కంటికి కనపడాల" అంది అక్క. బావ ఇప్పుడు వంట నేర్చుకోవడమేంటని మాత్రం నాకు తోచలేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి బట్టలు మార్చుకుంటూ, ఎడమ చేయి పైకి లేవక అక్క అవస్థ పడుతుంటే సాయం చేయబోయాను. జాకెట్టు ఎడమవైపు రెండు కుట్లు విప్పి వదులు చేసి ఉంది. ఎందుకని అడిగాను. అక్క నా చేయి పట్టుకుని మచ్చ మీద పెట్టింది. చింతగింజంత గట్టి ముద్ద. పైన చర్మం దాన్ని పట్టుకుని లోపలికి లాగినట్టు ఉంది.

"నాలుగు నెలలాయె" అంది. "అమ్మకూ ఈడనే లేసింది."

ఎవరికీ చెప్పలేదట. నాకూ, బావకూ, పాస్టరమ్మకూ. ఆసుపత్రికి పోవాల్సిన తేదీ వచ్చి పోయిందట. పోయి చూపించుకున్నానని నాకు ఫోనులో చెప్పింది అబద్ధమట. ఇంకోసారి బల్ల ఎక్కలేను, వచ్చిందాన్ని రానీ అనుకుందట. ఉన్నంతలో పనులు చక్కబెట్టుకుంటూ వస్తోంది. అన్నం గిన్నె సంగతి నాకు అప్పుడు అర్థమైంది.

నా నోట మాట ఆగలేదు. ఇది జబ్బే కానక్కర్లేదని, ఆ రోజు పెట్టిన కరెంటు వల్ల కొవ్వు చచ్చి ఇలా గట్టిపడుతుందని, డాక్టరమ్మ అప్పుడే చెప్పిందని గబగబా అనేశాను. ధైర్యం చెబుతున్నాననుకున్నాను. చివరి మాట అన్నాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు.

అక్క జాకెట్టు హుక్కులు ఒక్కొక్కటే పెట్టుకుంది. అన్నీ పెట్టుకున్నాక నా వైపు తిరిగింది.

"ఆ పొద్దు సెప్పిందా ఆయమ్మ?"

"చెప్పింది."

"నాకు యాల సెప్పలేదు నువ్వు?"

భయపడతావని అన్నాను. బయట బావ బావి గట్టు మీద చెంబులు తోముతున్న చప్పుడు.

"భయపడినాను గదా" అంది. "నాలుగు నెల్లు. ఒక్కదాన్నే."

గొంతు పెంచలేదు, ఏడవలేదు. నేను కాళ్ళు పట్టుకోబోతే, లే, అన్నానికి రా అంది. ఆ పూట ముగ్గురం బావ వండిన అన్నమే తిన్నాం.

మంగళవారం బెంగళూరు వెళ్ళాం. అదే గది, అదే డాక్టరమ్మ. నేను అలవాటుగా గొంతు సవరించుకున్నాను. అక్క నా మోకాలి మీద చేయి వేసి, డాక్టరమ్మను తమిళంలో అడిగింది, మీకు తమిళం వస్తుందా అని. ఆమె నవ్వి, మా అమ్మది ధర్మపురి, ఇంట్లో తమిళమే అంది.

కుప్పంలో బతికేవాళ్ళకు తమిళమూ కన్నడమూ ఇంటి భాషలే. అక్క ముప్పై ఏళ్ళుగా తమిళ ఆడవాళ్ళకు కొలతలు తీస్తోంది. ఆ మొదటి రోజు నేను ఇంగ్లీషుతో అడ్డం పడకపోయి ఉంటే ఆ గదిలో నా అవసరమే ఉండేది కాదు. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. నేను ఆలోచించలేదు, అంతే.

అక్క ఒక్కొక్కటే అడిగింది. ఈ ముద్ద ఏమయ్యుండొచ్చు, జబ్బు కాదని ఎట్లా తెలుస్తుంది, జబ్బే అయితే ఏం చేస్తారు, కాకపోతే ఇది పోతుందా ఉంటుందా. డాక్టరమ్మ దేన్నీ దాచలేదు. చూసి చెప్పలేం, ఎక్స్‌రే ఫోటో తీయాలి, సూదితో ముక్క తీయాలి, అప్పటిదాకా ఇదీ అదీ అనలేనంది. నాకు తమిళం ముక్కలు ముక్కలుగానే అర్థమైంది. మధ్యలో అక్క రెండుసార్లు బావ వైపు తిరిగి, పెదాలతో ఆయనకు చెప్పింది. నా వైపు తిరగలేదు.

ఫలితానికి తొమ్మిది రోజులు పట్టింది. నేను కాలేజీకి సెలవు పొడిగించి కుప్పంలోనే ఉన్నాను. అక్క ఆ తొమ్మిది రోజులూ నాతో మామూలుగానే మాట్లాడింది. కూర ఏం చేద్దాం, ఆ గుడ్డ ఇటియ్యి, అంతవరకే. ఒక మధ్యాహ్నం మాత్రం, మిషను మీద నుంచి తల ఎత్తకుండానే, అమ్మ గురించి చెప్పింది. రాయవేలూరులో మూడో వారానికి అమ్మ చర్మం లేచిపోయినప్పుడు, ఇట్లవుతుందని ముందే చెప్పారా అని అక్క అమ్మను అడిగిందట. ఎవరూ చెప్పలేదని, చెప్పినా వచ్చేదాన్నే గానీ, తెలిసుంటే ఇంత బెదిరిపోయేదాన్ని కాదని అమ్మ అన్నదట. అది చెప్పి అక్క దారం తెంపి, తన జాకెట్టుకే ఇంకో చెయ్యి కుట్టడం మొదలుపెట్టింది.

ఫలితం వచ్చింది. జబ్బు కాదు. చచ్చిన కొవ్వు, అందులో నూనెలా చేరిన ద్రవం, చుట్టూ సున్నపు పెంకులా గట్టిపడిన పొర. కిరణాలు రక్తనాళాలను మూసేశాయి, రక్తం అందని కొవ్వు చచ్చింది, ఒళ్ళు దాన్ని బయటికి తోయలేక గోడ కట్టుకుంది. డాక్టరమ్మ ఫోటోను వెలుతురుకు పెట్టి అక్కకే చూపించింది. తీసేయనక్కర్లేదు, ఇది ఇలాగే ఉండిపోవచ్చు, చేయి బిగుసుకోకుండా రోజూ గోడ మీద వేళ్ళు పాకించమంది. జబ్బు ఎప్పటికీ రాదని మాత్రం తను చెప్పలేనని, ఏటా చూపించుకోవాల్సిందేనని చెప్పింది. అక్క అన్నీ విని, సరేనంది. బావ జేబులోంచి రుమాలు తీసి ముఖం తుడుచుకుంటూ ఉండిపోయాడు.

తిరుగు రైల్లో కిటికీ పక్కన అక్క, ఎదురుగా నేను. బంగారుపేట దాటాక అక్క నన్ను అడిగింది, డాక్టరమ్మ ఆ మొదటి రోజు ఏమేం చెప్పిందో మొత్తం చెప్పమని. ఇప్పుడెందుకు అన్నాను. "నాకని సెప్పిన మాటలు అయి. నాయి నాకియ్యి" అంది.

చెప్పాను. గుర్తున్నంత వరకు ఒక్కటి వదలకుండా చెప్పాను. జబ్బు అదే రొమ్ములో తిరిగి వచ్చే అవకాశం కాస్త ఎక్కువన్న మాట దగ్గర ఆగాను. అక్క ఎదురుచూసింది. అదీ చెప్పాను. అన్నీ విన్నాక, ఇదంతా తెలిసినా ఆ అరగంటదే ఒప్పుకునేదాన్ని అంది. నన్ను క్షమించినట్టు ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. కుప్పంలో దిగేటప్పుడు మెట్టు మీద తడబడితే నా భుజం పట్టుకుంది.

ఇది జరిగి నాలుగేళ్ళు కావస్తోంది. ఆ ముద్ద ఇంకా ఉంది, కాస్త చిన్నదైంది. ఎడమ చేయి పూర్తిగా లేవదు, పై అరలో డబ్బాలు బావ అందిస్తాడు. అక్క తన జాకెట్లకు ఎడమవైపు మెత్తటి మల్లు గుడ్డ లోపల వేసి కుట్టుకుంటుంది. వెంకటగిరికోట నుంచి, ఇంకా ఆ చుట్టుపక్కల పల్లెల నుంచి ఈ ఆపరేషన్ అయినవాళ్ళు ఒకరిద్దరు అలాంటివి కుట్టించుకోవడానికి వస్తుంటారు. తలుపు దగ్గరగా వేసి వాళ్ళతో అక్క ఏమేం మాట్లాడుతుందో నాకు తెలియదు.

ఏటా చూపించుకోవడానికి బావను తోడు తీసుకుని బెంగళూరు తనే వెళ్ళి వస్తుంది. నన్ను రమ్మనదు. మొన్న కూడా వెళ్ళొచ్చింది. సాయంత్రం కాలేజీ నుంచి ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే ఫోన్ చేసి, ఫోటోలో ఏముందో, ఏ మాత్ర మార్చారో, మోకాళ్ళ నొప్పులకు ఏమన్నారో వరసగా చెప్పుకొచ్చింది. మధ్యలో నాకు తెలిసిన సంగతి ఒకటి చెప్పబోయాను. "ఉండు మే, సెప్తాండా గదా" అంది. ఆగి, మొత్తం విన్నాను.